ఏనుగు మూలుగు

"మా నాన్న కావాలనే చచ్చిపోయాడా, కాదా? అదొక్కటీ తేల్చి చెప్పండి, చాలు."

పొద్దున్నే వచ్చింది ఆ అమ్మాయి. నా గదిలో రెండు కుర్చీలున్నాయి. రెండోదాని మీద పాత పేపర్ల కట్ట ఉంటుంది. నా భార్య పోయాక ఆ కుర్చీకి వేరే పని లేదు. కట్ట తీసి నేలమీద పెట్టాను. కూర్చుంది. ఏడవలేదు. ఏడుపు అయిపోయిన ముఖం.

ఆమె తండ్రి విమానాలకు జనరేటర్లు తయారుచేసే సంస్థలో డిజైనరు. విమానంలో దీపం వెలగాలన్నా, పైలట్ ముందున్న తెరలు పనిచేయాలన్నా ఇంజనుకు తగిలించిన జనరేటరే దిక్కు. దాని బరువు కూడా విమానమే మోయాలి. ఆ బరువు తగ్గించడమే ఆయన పని. పదకొండేళ్లుగా అదే పని. సంస్థలో ఆయన్ని గ్రాముల మాస్టారు అనేవాళ్లట. వెనకాల కాదు, ముఖం మీదే.

నాలుగు రోజుల క్రితం మధ్యాహ్నం, పరీక్ష గదిలో, తను కట్టిన యంత్రం పక్కనే కరెంటు కొట్టి పోయాడు. ఆత్మహత్య అని పోలీసులు తేల్చారు. భార్య పోయి రెండేళ్లయింది. ఒక్కడే ఉంటున్నాడు. ఒక్కడే తింటున్నాడు. వాళ్లకు ఇంతకన్నా అక్కర్లేదు. ఒంటరి మగవాడు చస్తే కారణం వెతకనక్కర్లేదని వాళ్ల లెక్క. ఆ లెక్కన నేను ఎనిమిదేళ్ల కిందటే పోయి ఉండాలి.

చివరిసారి ఎప్పుడు మాట్లాడావని అడిగాను. ఆదివారం ఫోనులో, అంది. ఆమె ఉద్యోగం వేరే ఊళ్లో.

"ఇంకో వంద గ్రాములు తగ్గించానమ్మా అన్నాడు. ఎప్పుడూ ఈ గోలేనా నాన్నా అని పెట్టేశాను."

"మళ్లీ చేశావా?"

"లేదు."

ఓదార్చడం నాకు చేతకాదు. నేను తీసుకునే ఫీజులో అది లేదు కూడా.

మీవాళ్లు ఇంకెవరున్నారని అడిగాను. తల్లి తమ్ముడు ఉన్నాడట. తల్లి పెంచిన తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. తండ్రి దగ్గరే, ఆ యంత్రాన్ని పరీక్షించే బెంచీ మీదే పనిచేస్తాడు. ఆ రోజు శవాన్ని మొదట చూసింది అతనే.

"ఇక నాకు మామయ్య ఒక్కడే," అంది లేస్తూ. నాన్న కూర్చునే స్టూలు, కళ్లజోడు ఆ గదిలోనే ఉండిపోయాయట. మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తానంది.

పేపర్ల కట్ట మళ్లీ కుర్చీ మీద పెట్టి బయలుదేరాను.

*

పరీక్ష గది ముందు ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. డిపార్టుమెంటులో నా చేతికింద పనిచేసినవాడు. చొక్కా మడత నలగకుండా శవాల దగ్గర తిరగడం ఇతనికే చేతనవుతుంది.

"గురువుగారూ, మీరింకా బతికే ఉన్నారా?"

"నువ్వింకా ఇన్‌స్పెక్టరుగానే ఉన్నావా?"

నవ్వలేదు. సీలు తీశాడు.

చిన్న గది. మందపాటి గోడలు, ఇనుప తలుపు, తలుపులో అరచేయంత అద్దం. యంత్రం పగిలితే ముక్కలు బయటికి రాకుండా అలా కట్టారు. మధ్యలో ఇనుప దిమ్మ మీద జనరేటరును తిప్పే డ్రైవ్ మోటారు. దానికి బిగించి మాస్టారి జనరేటరు. పెద్ద పుచ్చకాయంత ఉంటుంది. నేను విమానాల్లో ఇంతకు నాలుగింతలున్న వస్తువును ఊహించుకున్నాను.

ఇక్కడివాళ్లు దీన్ని పిచ్చుక అంటారని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. పక్క గదిలో పాత రకం ఉంది. అది ఏనుగు. రెండూ ఒకే పని చేస్తాయి. ఏనుగులో బరువైన ఇనుము, దానికి చుట్టిన రాగి. బయటినుంచి కొంచెం కరెంటు ఇస్తేనే అది అయస్కాంతమవుతుంది. పిచ్చుకలో అయస్కాంతాలు ముందే ఉన్నాయి. అవి ఎగిరిపోకుండా చుట్టూ కార్బన్ దారం బిగించి చుట్టారు. ఏనుగుకన్నా మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది, అందుకే అంత చిన్నదైనా చాలు.

"ఇందులో ఒక్కటే చిక్కు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. పాఠం బాగా అప్పజెప్పాడు. "ఏనుగుకు బటన్ నొక్కితే కరెంటు చస్తుంది. దీనికి ఆ బటన్ లేదు. తిరిగినంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది. మోటారు ఆపినా తన ఊపుకు తను ఏడు నిమిషాలు తిరుగుతుంది. ఆయన మోటారు ఆపాడు. అలవాటు ప్రకారం దాని స్విచ్చికి తన తాళం వేశాడు. తాళంచెవి ఆయన జేబులోనే దొరికింది. లోపలికొచ్చి మూత విప్పి, తిరుగుతున్నదాని మీద చెయ్యి వేశాడు. దీన్ని కట్టినవాడికి తెలియదా? తెలిసే వేశాడు. ఇంకేం కావాలి మీకు?"

బాగానే ఉంది. నేను వంగి చూశాను.

జనరేటరు పక్కన మూత తీసి గోడకు ఆనించి ఉంది. లోపలినుంచి మూడు రాగి పట్టీలు వచ్చి, గోడలోని రంధ్రంలోంచి అవతలికి పోయే మూడు కేబుళ్లకు బిగించి ఉండాలి. రెండు బిగించే ఉన్నాయి. మూడోది విప్పి ఉంది. దాని కేబులు కొస ఖాళీగా వేలాడుతోంది. ఆ కొస మీదే చెయ్యి కాలిన మచ్చ.

దిమ్మ మీద గుడ్డ పరిచి ఉంది. దానిమీద మూత బోల్టులు ఎనిమిది, మూతకు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో. ప్రతి పాత బోల్టు పక్కనా కొత్త బోల్టు ఒకటి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు. టైటానియం.

"ఇవేమిటి?"

"ఏవో బోల్టులు."

"ఏడు నిమిషాల్లో చచ్చిపోదామనుకున్నవాడు బోల్టులు మార్చుకుంటాడా? అందులోనూ తేలికవి?"

"అలవాటు, గురువుగారూ. మీరు చెప్పులు విప్పి పక్కపక్కన పెట్టుకోరూ? రేపు చచ్చేటప్పుడూ పెడతారు."

"ఈ విప్పిన పట్టీ? తిరుగుతున్న యంత్రం పట్టీకి స్పానర్ పెడితే, పెట్టగానే పోవాలి. ఈయన బోల్టు పూర్తిగా విప్పాడు. వాషరు తీశాడు. గుడ్డమీద పెట్టాడు. కేబులు పక్కకు వంచాడు. ఆ తర్వాత పోయాడు. అంతవరకూ కరెంటు ఏం చేస్తోంది, నిద్రపోతోందా?"

అతను వంగి ఆ వాషరును చూశాడు.

ఏనుగును చూసుకునే పెద్ద ఇంజనీరును పిలిపించాను. ఇక్కడ అందరూ అతన్ని మావటి అంటారు. బట్టతల, మసకబారిన కళ్లు, మాస్టారికన్నా పదేళ్లు పెద్ద. పిచ్చుకను ఒకసారి తిప్పి ఆపమన్నాను. ఇన్‌స్పెక్టరు మాస్టారి తాళంచెవితో స్విచ్చి తాళం తీశాడు. అందరం బయటికి వచ్చాం. తలుపు మూశాం. సన్నని ఈల మొదలై, పైకి పైకి పోయి, చెవికి అందకుండా పోయింది. మావటి మోటారు ఆపాడు. నేను గడియారం చూశాను. ఇన్‌స్పెక్టరూ తన గడియారం చూసుకున్నాడు.

నిమిషంన్నర. ఆగిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంతే," అన్నాడు మావటి. "దానిలో బరువెక్కడుంది తిరగడానికి? ఆ బరువు తీసెయ్యడానికేగా అతను పదకొండేళ్లు చచ్చింది. ఏడు నిమిషాలు తిరిగేది నా ఏనుగు."

ఎనిమిది మూత బోల్టులు విప్పడానికి నిమిషంన్నర చాలదు. ఆయన మూత తీసేసరికే పిచ్చుక చచ్చి పడుంది. చచ్చిన యంత్రం మీద నమ్మకంగా చేతులు పెట్టి పనిచేసుకున్నాడు. బతకడానికి వచ్చినవాడిలా.

"ఏడని నీకెవరు చెప్పారు?"

"ఇక్కడ పనిచేసేవాళ్లే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. తర్వాత తేరుకున్నాడు. "సరే. ఆగిపోయింది. ఆగిపోతే కరెంటు లేదు. ఆ రోజు మోటారుకు ఆయన తాళమే ఉంది. మళ్లీ ఎవరూ తిప్పలేరు. అయితే ఆయన దేనితో పోయాడు? దాహమేసి పోయాడా? మీరే చెప్పండి."

నేను మళ్లీ గడియారం చూసుకున్నాను. అతని ముఖంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు తెలుసు. నేను నేర్పిందే.

*

బావమరిదిని బెంచీ ముందున్న కంట్రోలు డెస్కు దగ్గర కూర్చోబెట్టి మాట్లాడాను. నలభై ఉంటాయి. చేతులు శుభ్రంగా ఉన్నాయి. బావ అన్నప్పుడల్లా గొంతు ఒకలాగే పలికింది, హాజరు పిలిచినట్టు.

ఆ రోజు పరీక్షలో ఒక పట్టీ దగ్గర వేడి ఎక్కువైందట. దాన్ని విప్పి చూసుకుంటానని, పనిలోపని మూత బోల్టులు కూడా మార్చేస్తానని బావ లోపలికి వెళ్లాడట. ఇతను టీకి కింది అంతస్తులోని క్యాంటీనుకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆయన నేలమీద ఉన్నాడు. పిచ్చుక ఇంకా తిరుగుతోంది.

ఏడు నిమిషాలని చెప్పింది ఎవరని అడిగాను. నేనే సార్, అన్నాడు వెంటనే. పిచ్చుక బెంచీకి రాకముందు ఆరేళ్లు ఏనుగు దగ్గర పనిచేశాడు. ఆ లెక్కే నోటికి వచ్చిందట.

"పిచ్చుక నిమిషంన్నరలో ఆగిపోయింది. నువ్వొచ్చేసరికి తిరుగుతూ ఉండే వీల్లేదు."

కాసేపు తన గోళ్లు చూసుకున్నాడు. అప్పుడు నాకు బుర్ర పనిచెయ్యలేదు సార్, అన్నాడు. ఏది తిరుగుతోందో ఏది ఆగిందో ఎవరికి తెలుసు. మనిషి పడి ఉంటే యంత్రాన్ని ఎవరు చూస్తారు.

అది నిజమే. నా భార్య పడిపోయిన రోజు వంటింట్లో పొయ్యి వెలుగుతూ ఉందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

మీ బావ చావాలనుకునే మనిషేనా అని అడిగాను. ఆ ప్రశ్నకు మాత్రం అతను తయారుగా ఉన్నాడు.

"అక్క పోయాక ఆయన ఇంట్లో దీపం వేసుకోడం కూడా మానేశాడు సార్. రోజూ నేనే భోజనం డబ్బా తెచ్చేవాణ్ణి. తిన్నాడా అంటే తిన్నాడు. రుచి అడిగితే చెప్పలేడు. అక్క ఆస్పత్రిలో పోయినప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. ఇదే గదిలో. బోల్టులు బిగిస్తున్నాడు. మూడుసార్లు ఫోను చేశాను. ఇదిగో వస్తున్నా అన్నాడు. ఆ బాధ ఉంటుంది కదా సార్ మనిషికి. ఉండాలి కదా."

చివరి మాట కొంచెం గట్టిగా వచ్చింది.

లేవబోతుంటే ఆపాడు. ఇప్పుడే ఒకటి గుర్తొస్తోందన్నాడు. క్యాంటీను నుంచి మెట్లెక్కుతుంటే ఏనుగు ఒకసారి మూలిగిందట. ఉన్నట్టుండి దానిమీద పెద్ద బరువు పడ్డట్టు.

"ఒక్కసారే సార్. ఊఁ అని. అప్పుడు పట్టించుకోలేదు. ఆ రోజు ఏనుగు నడుస్తోంది మరి. అది ఎవరిదో మీకు తెలుసుగా. పిచ్చుక గెలిస్తే ఆయన పనేమిటో కూడా తెలుసుగా."

తెలుసుకుంటానన్నాను. సాయంత్రంలోపు మళ్లీ ఆ గదిలోకి వెళ్లి, మీ బావ చెయ్యి పెట్టినచోట నా చెయ్యి పెట్టి చూస్తానని కూడా అన్నాను. మాటవరసకు అన్నాను. అతను తలూపాడు.

*

రెండు పరీక్ష గదులకూ వెనక ఒకే గది ఉంది. లోడ్ రూము. జనరేటర్లు పుట్టించిన కరెంటు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. విమానం లేదు కనక ఇక్కడ ఇనుప తీగల వరసలను వేడెక్కించి ఖర్చుపెడతారు. ఫ్యాన్లు ఆ వేడిని బయటికి తోస్తాయి. జాలీ తలుపుల వెనక కప్పులేని రాగి కడ్డీలు. మావటి నన్ను జాలీ నుంచి బారెడు దూరంలో నిలబెట్టాడు.

గోడలో కేబుళ్ల కోసం రెండు రంధ్రాలు. ఒకటి పిచ్చుక గదికి, ఒకటి ఏనుగు గదికి. పిచ్చుక గది రంధ్రంలోంచి ఇన్‌స్పెక్టరు బూట్ల చప్పుడు వినిపిస్తోంది. అతను లోపల ఒక్కడే అటూ ఇటూ తిరుగుతున్నాడు. స్టూలు జరిపాడు. నా పక్కనే జరిపినట్టుంది. మనిషి మాత్రం కనపడడు.

ఎడమవైపు తీగలు పిచ్చుకవి, కుడివైపువి ఏనుగువి. మధ్యలో పిడి ఉన్న పెద్ద స్విచ్చి ఒకటి ఉంది.

"అదేమిటి?"

రెండువైపులనూ కలిపేది, అన్నాడు మావటి. పెద్ద పరీక్షకు ఒక యంత్రానికే అన్ని తీగలూ కావలసివస్తే కలుపుతారు. ఏడాదికి ఒకసారి కూడా ఎవరూ ముట్టుకోరు.

మిగతా పిడులన్నిటి మీదా జిడ్డు, దానిమీద దుమ్ము. ఈ పిడి అద్దంలా ఉంది. టార్చి వేసి లోపలికి చూశాను. స్విచ్చి రాగి నాలుకల అంచులు కరిగి ఉన్నాయి. రాగి ఆవగింజల్లా గడ్డకట్టింది. గింజలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. పాత రాగి నల్లబడుతుంది.

మావటి ఆ గింజల్ని చాలాసేపు చూశాడు. అతనికి అర్థమైందని నాకు అర్థమైంది.

ఏనుగు తిరుగుతూ ఉండగా ఈ స్విచ్చి వేస్తే దాని కరెంటు ఇటు వస్తుంది. ఇటునుంచి పిచ్చుక కేబుళ్లలోకి పోతుంది. ఆగిపోయిన పిచ్చుక కేబుళ్లలోకి, వెనకనుంచి. మోటారు స్విచ్చికి వేసిన తాళం దీన్ని ఆపలేదు.

"ఇక్కడ ఎందుకు తాళం వెయ్యరు?" అన్నాను.

"కరెంటు అక్కణ్ణించి ఇక్కడికి వస్తుంది. ఇక్కణ్ణించి అక్కడికి పోతుందని ఎవరనుకుంటారు? ముప్పై ఏళ్లుగా నేనూ అనుకోలేదు." గొంతు తగ్గించాడు. "నది సముద్రంలో కలుస్తుందనుకుంటాం. సముద్రం వెనక్కి వస్తుందని తాళం వేసుకుంటామా?"

చదువుకున్నవాళ్ల సంస్థ. ప్రతి గ్రాముకూ లెక్కుంది. వెనక తలుపుకు గడియ లేదు.

ఆ మధ్యాహ్నం ఏనుగును నడుపుతున్నది ఎవరని అడిగాను. నేనే పెట్టి వెళ్లాను, అన్నాడు. గంటల తరబడి వేడి పరీక్ష. మనిషి కాపలా ఉండడు. అతను అవతలి భవనంలో విమాన కంపెనీవాళ్లతో ఉన్నాడు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న మాట అక్కడే నడుస్తోంది.

"పిచ్చుకే గెలిచేది," అన్నాడు. "నాకు తెలుసు. అతనితో రోజూ పోట్లాడేవాణ్ణి. ఇప్పుడు పోట్లాడటానికి ఎవరున్నారు? మిగతావాళ్లకి అది ఎందుకో కూడా తెలీదు."

ఈలోగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రాగి గింజలు చూశాడు. క్షణంలో ఆత్మహత్య వదిలేసి హత్య పట్టుకున్నాడు, అదేదో మొదటినుంచీ తన మాటే అయినట్టు. ఏనుగు ఎవరిది, పిచ్చుక పోతే లాభం ఎవరికి. మావటి భుజం మీద చెయ్యి వేశాడు.

ఒక్క గంట ఆగమన్నాను. అతను అవతలి భవనంలో ఉన్నానంటున్నాడు, అది తేలనీ అన్నాను.

"మీకు ఇక్కడ ఏ అధికారమూ లేదు గురువుగారూ. నేను రానిచ్చాను కనక వచ్చారు. అన్నీ మీరే కనిపెట్టి, అన్నిటికీ మీరే అడ్డం పడితే ఎలా? ఇందుకే కదా మిమ్మల్ని పంపించేశారు."

అది నిజం కాదు. నా అంతట నేను వచ్చేశాను. చెప్పలేదు. చెబితే వినే మనిషి ఇప్పుడు లేదు.

ఒక్క పని మాత్రం చేయించుకున్నాను. తీసుకెళ్లేముందు మావటి ఏనుగును ఆ రోజులాగే నడిపి, డెస్కు నుంచి దానిమీద ఒక్కసారిగా పూర్తి బరువు, అంటే లోడు తీగలన్నీ, పెట్టి తియ్యాలి. నేను మెట్ల మీద నిలబడతాను. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని, సరేనన్నాడు.

మెట్లు దిగాను. క్యాంటీను తలుపు దగ్గరనుంచి ఒక్కో మెట్టే ఎక్కుతూ వచ్చాను. ఏనుగు తిరుగుతోంది. నాకు నా చెప్పుల చప్పుడు వినిపించింది. సగంలో ఆగాను. పైనుంచి మావటి కేకేశాడు, పెడుతున్నానని. కాసేపటికి మళ్లీ కేకేశాడు, తీశానని. మళ్లీ పెట్టమన్నాను. పెట్టాడు.

ఏమీ లేదు. మందపాటి గోడలు. యంత్రం పగిలినా బయటికి రానివ్వనివి. ఆ మెట్ల మీద ఒక మనిషి నిలబడితే అతనికి అతని ఊపిరే తోడు. అంత నిశ్శబ్దం నాకు కొత్త కాదు. రోజూ సాయంత్రం తాళం తీయగానే నన్ను పలకరించేది అదే.

ఇన్‌స్పెక్టరు మావటిని తీసుకుని నా పక్కనుంచే దిగిపోయాడు. అవతలి భవనానికి. ఏనుగు నడుస్తూనే ఉంది, ఆపనా అని మావటి అడిగాడు. ఉండనీ, మళ్లీ వింటానన్నాను.

వాళ్లు వెళ్లాక అక్కడే నిలబడ్డాను. ఏనుగు మూలుగు మెట్ల మీదికి రాదు. క్యాంటీనుకు అసలే రాదు. కేబులు రంధ్రం ఉన్న గదికి మాత్రమే వస్తుంది. ఆ మధ్యాహ్నం అది విన్నవాడు మెట్ల మీద లేడు. ఆ స్విచ్చి పిడి పట్టుకుని ఉన్నాడు.

ఊఁ అని, ఒక్కసారే సార్.

మావటి మీదికి తోయడానికి నిజంగా విన్నదే చెప్పాడు. ఎక్కడ విన్నాడో మాత్రం మార్చాడు. ఏడు నిమిషాలూ అతనిచ్చినవే. ఇంట్లో దీపం వేసుకోని మనిషీ అతనిచ్చినవాడే. రెండేళ్లు భోజనం డబ్బా మోశాడు, మూడు ఫోన్లను మర్చిపోకుండా.

అప్పుడు నేను అతనితో అన్న మాట గుర్తొచ్చింది. మీ బావ చెయ్యి పెట్టినచోట నా చెయ్యి పెట్టి చూస్తాను.

ఏనుగు నడుస్తోంది. నేనే నడిపించాను.

పైకి వెళ్లాను. డెస్కు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. లోడ్ రూము తలుపు మూసి ఉంది. సరే, పిచ్చుక గదిలో నేను లేను కదా అనుకున్నాను. అప్పుడు లోపల స్టూలు జరిగిన చప్పుడైంది.

పిచ్చుక గది తలుపు ఓరగా తీసి ఉంది. సీలు తీసి మళ్లీ వెయ్యలేదు ఇన్‌స్పెక్టరు. లోపల ఆ అమ్మాయి తండ్రి స్టూలు మీద కూర్చుని ఉంది. లిఫ్టులో వచ్చి ఉంటుంది, మెట్ల మీద నాకు ఎదురుపడలేదు. కళ్లజోడు ఒళ్లో ఉంది. బోల్టులు చూస్తోంది. వేలాడుతున్న కేబులు కొసవైపు చెయ్యి చాచింది. దానిమీద మచ్చ ఏమిటో చూడటానికి.

పిలవలేదు. పిలిస్తే ఉలిక్కిపడి ముట్టుకుంటుంది. రెండు అంగల్లో వెళ్లి మణికట్టు పట్టుకుని లాగాను. స్టూలు పడింది. ఇద్దరం తలుపుదాకా వచ్చి పడ్డాం.

పిచ్చుక ఒక్కసారి ఉలిక్కిపడింది. దిమ్మ మీద దాని ఒళ్లంతా అదిరింది. ఊగుతున్న కేబులు కొస మూత ఇనుముకు తగిలి నీలంగా మెరిసింది. తర్వాత ఏమీ లేదు. కాలిన వాసన.

"అదేమిటి సార్? ఆగిపోయి ఉందిగా?"

"ఉంది. మీ నాన్న కూడా అలాగే అనుకున్నాడు." ఆమెను లేపి నిలబెట్టాను. "మీ నాన్న కావాలని చచ్చిపోలేదమ్మా. బోల్టులు మార్చి, మూత బిగించి, ఇంటికి వెళ్దామనుకున్నాడు."

ఆమె నోరు తెరిచింది. అప్పుడే లోడ్ రూము తలుపు తెరుచుకుంది.

అతను నన్ను చూశాడు. నిలబడి ఉన్నాను. నేను గదిలో ఉన్నానని, స్టూలు జరిపింది నేనేనని అతను అనుకున్నాడు. తర్వాత ఆమెను చూశాడు. ఆమె చేతిలో కళ్లజోడు, వెనక పడి ఉన్న స్టూలు. అతని ముఖంలో రంగు పోయింది.

"చిట్టీ. నువ్వా లోపల?"

ఆమె తెలివైన పిల్ల. తండ్రి పోలిక అయి ఉంటుంది. తలుపు చూసింది, గోడలో రంధ్రం చూసింది, మచ్చ పడిన కేబులు చూసింది.

"ఎవరనుకున్నావు మామయ్యా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి. తలుపు మూసుకుంది. లోపలినుంచి గడియ పడింది. ఆ లోపల కప్పులేని రాగి కడ్డీలున్నాయి. ఏనుగు నడుస్తోంది.

పరిగెత్తాను. నా వయసుకు దాన్ని పరుగనొచ్చో లేదో. ఏనుగు డెస్కు మీద ఎర్ర బటన్ నొక్కాను. దీనికి బటన్ ఉంది. నొక్కగానే కరెంటు చస్తుంది. వెనక్కి వచ్చేసరికి ఆమె తలుపుకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఆగిందా?"

"కరెంటు ఆగింది. తిరగడం ఆగడానికి ఏడు నిమిషాలు."

నేను ముందు నొక్కానో, అతను ముందు ముట్టుకున్నాడో తెలియదు. మామయ్యా, తలుపు తియ్యి, అంది ఆమె. కేకలు వెయ్యలేదు. ఇంట్లో స్నానాలగది తలుపు కొట్టినట్టు కొట్టింది. లోపల చప్పుడు లేదు. మళ్లీ కొట్టింది. తలుపుకు చెవి ఆనించాను. గోడ రంధ్రంలోంచి ఏనుగు హోరు సన్నగా వినిపిస్తోంది. అది కొంచెం కొంచెంగా దిగుతోంది.

హోరు పూర్తిగా పోయాక వినిపించింది. మగమనిషి ఏడుపు. నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు.

బతికే ఉన్నాడు.

ఆమె కూడా విన్నది. తర్వాత తలుపు మీదనుంచి చెయ్యి తీసేసింది. తండ్రి కళ్లజోడు కొంగుతో తుడిచి, మడిచి, సంచిలో పెట్టుకుంది. వెళ్లి స్టూలు తెచ్చుకుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఆ మెట్లవైపు ఒక్కతే నడిచింది.

నేను ఓదార్చలేదు.